ఎంటర్ నొక్కితే లోపలికేనా?

"ఈ వయసులో నీకెందుకే కంప్యూటరు గొడవ? హాయిగా వడియాలు పెట్టుకోక!" అని మా వారు అననే అన్నారు. వడియాలు పెట్టేశానండీ, మిద్దె మీద ఎండుతున్నాయి. అవి ఎండేలోపల ఒక తగువు తీర్చుకోవాలని కూచున్నాను. తగువు మనుషులతో కాదు. కీబోర్డులో కుడివైపున, మిగతా కీలకంటే కాస్త బొద్దుగా, పెద్ద కోడలి హోదాతో కూచునుంటుందే, ఎంటర్ కీ, దానితో.

నేను కంప్యూటర్లు చదివిన దాన్ని కాను. వెనకటికి చిత్తూరులో టైపు నేర్చుకుని, లోయరూ హయ్యరూ పాసై, ఓ ఆఫీసులో ముప్పైయేళ్ళు వేళ్ళరగదీసుకుని, రిటైరయ్యాక సొంతూరు కాణిపాకం వచ్చి పడ్డదాన్ని. ఆ టైపు మిషనుకి ఎడమపక్కన ఒక లివరుండేది. వరస పూర్తి కావస్తూంటే గంట కొట్టేది. లివరు పట్టుకుని నెట్టామా, క్యారేజీ జర్రున జరిగి, కాగితం ఒక వరస పైకెక్కి, మళ్ళీ మొదటికి వచ్చి నిలబడేది. మొదలంటే మొదలే! మనం పెట్టిన మార్జిను దగ్గర తప్ప ఇంకెక్కడా ఆగేది కాదు. పేరా మొదట్లో కాస్త చోటు వదలాలంటే మన వేలే వదలాలి. ఈనాటి ఎంటర్ కీ ఆ లివరు మనవరాలే. అందుకే కొన్ని కీబోర్డుల మీద ఇప్పటికీ "రిటర్న్" అని ఉంటుంది. తిరిగి రావడం దాని పుట్టుపేరన్నమాట. తిరిగి రావలసింది కాస్తా లోపల్లోపలికి పోవడం నేర్చుకుంది, అదీ నా ఫిర్యాదు!

సంగతి మొదట్నుంచీ చెబితేగాని మీకు నా మంట అర్థం కాదు.

మా వీధిలో పదిమందిమి ఆడవాళ్ళం పొదుపు సంఘం పెట్టుకున్నాం. లెక్కల పుస్తకం నా దగ్గర. డబ్బు పోగుచేసి బ్యాంకులో కట్టే పని మా లీడరమ్మది. ఒకరు రెండొందలిస్తారు, ఒకరు నూటయాభై, ఒకరు రెండు నెలలు ఎగ్గొట్టి మూడోనెల కలిపి ఇస్తారు. ఏడాది చివర ఆ లెక్క కూడేసరికి నా కళ్ళజోడుకి చెమటలు పట్టేవి. మా మనవరాలు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతోంది. సెలవులకొచ్చి, నా అవస్థ చూసి, "అవ్వా, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసిస్తాను, నువ్వు అంకెలు కొడితే చాలు" అంది. మనవరాలు అలా అంటే ఏ అవ్వ కాదంటుంది చెప్పండి?

వినాయక చవితికి వారం ముందు సంఘం కూడింది. మా ఊళ్ళో చవితితో మొదలై బ్రహ్మోత్సవాలు ఇరవై ఒక్క రోజులు సాగుతాయి. ఆ రోజుల్లో ఇంటింటా చుట్టాలే. ఏ మాట పుట్టినా నాలుగు జిల్లాలకు పోతుంది. అలాంటి సమయంలో మా పిల్ల కంప్యూటరు తెరిచి గొప్పగా చదివింది: పొదుపూ వడ్డీ కలిసి 25,950 రూపాయలు. లీడరమ్మ పాస్‌బుక్కు తెరిచింది: 21,810. తేడా 4,140.

గదిలో గాలి ఆగిపోయిందంటే నమ్మండి. లీడరమ్మ ముఖం తెల్లబడింది. ఎవరూ నోరెత్తి "నువ్వు తిన్నావు" అనలేదు. అనకుండానే అన్నారు. వెనకనుంచి ఒకామె మాత్రం, "యాడికో పోయుండదులే వదినా. అంతగా అయితే సామి ముందర ఒక ప్రమాణం చేసేస్తే పాయె" అంది.

కాణిపాకంలో ప్రమాణమంటే ఏమిటో ఈ జిల్లా ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పే గుండె ఎవరికీ ఉండదని లోకానికి నమ్మకం. ఆ మాట ఒక మనిషితో అన్నామంటే, నమ్మకం పోయిందని నలుగురిలో చెప్పినట్టే. ప్రమాణం చేసి నెగ్గినా, చేయవలసి వచ్చిందన్న మచ్చ పోదు. లీడరమ్మ నేనిచ్చిన కాఫీ ముట్టకుండా లేచిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కాగితం మీద పాత పద్ధతిలో కూడాను. పొదుపు 21,350. ఏడాదికి బ్యాంకు వేసిన వడ్డీ 460. మొత్తం 21,810. పాస్‌బుక్కే నిజం! మరి ఈ 4,140 ఎక్కడిది? ఆఫీసులో బిల్లులు టైపు చేసిన బుర్ర కదా, 460తో భాగించి చూశాను. సరిగ్గా తొమ్మిది! అంటే ఒక్కసారి కలవవలసిన వడ్డీ పదిసార్లు కలిసింది. సభ్యులు పదిమంది. అర్ధరాత్రి పూట పిల్లను లేపాను.

పైథాన్ అనేది గైడో వాన్ రోసమ్ అనే డచ్చాయన చేసి 1991లో బయటపెట్టిన భాష. దాన్లో ఒక విచిత్రముంది. మిగతా చాలా భాషల్లో ఒక పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడానికి బ్రాకెట్లు పెడతారు. దీన్లో అవేవీ లేవు. వరస ముందు వదిలిన ఖాళీయే భాష. వంటింటి మాటల్లో చెప్తాను. "ప్రతి దోసెకూ" అని రాసి, దానికింద కాస్త లోపలికి జరిపి "పిండి పొయ్యి, నూనె చిలకరించు, తిరగెయ్యి" అని రాస్తాం. ఆ తర్వాత మళ్ళీ గట్టుకి వచ్చి "స్టౌ ఆర్పు" అని రాస్తాం. ఆ చివరి మాట నాలుగు అక్షరాల ఖాళీ లోపలికి జరిగిందా, మీ యంత్రం ప్రతి దోసెకూ స్టౌ ఆర్పుతుంది! పైగా అదేమీ తప్పని అనదు. దాని దృష్టిలో అలా ఆర్పేవాళ్ళూ ఉండొచ్చు కదా.

మా పిల్ల ప్రోగ్రాంలో జరిగింది అదే. "ప్రతి సభ్యురాలికీ" అని రాసి, దాని కింద లోపల "పొదుపు కలుపు" అని రాసింది. అది అయిపోయింది కదా అని, ఉత్తరంలో పేరా మార్చినట్టు, ఎంటర్ రెండుసార్లు నొక్కి ఒక వరస ఖాళీ వదిలింది. తర్వాత "వడ్డీ కలుపు" అంది. తన లెక్కలో తను బయటికి వచ్చేసింది. ఎంటర్ కీ లెక్కలో మాత్రం ఇంకా లోపలే ఉంది! పైవరస ఎంత లోపల మొదలైందో అంతే లోపల, ఆ ఖాళీ వరసను కూడా దాటించి, నిశ్శబ్దంగా తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ ఎడిటరు పేరు చెప్పను. దాన్నొక్కదాన్నే అనడం న్యాయం కాదు, ఆ ఇంటిపేరు వాళ్ళందరిదీ ఇంచుమించు అదే తీరు.

బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా అల్లుడు ఫోన్లో నవ్వాడు. "అది ఎడిటరు తప్పు కాదత్తా. బయటికి రావాలంటే బ్యాక్‌స్పేస్ కొట్టాలి. కొట్టకపోవడం రాసినవాళ్ళ తప్పు" అన్నాడు.

ఈ మాట మనకు కొత్తా అమ్మలూ? గుమ్మం పొట్టిగా కట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. తల బొప్పి కట్టిన కోడల్ని మాత్రం "తలవంచుకుని నడవడం తెలీదా?" అంటారు. వేలికి జాగ్రత్త ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ లోపలికి పోయేటప్పుడు ఆ వేలికి ఇంత సాయం చేసిన పెద్దమనిషి, బయటికి వచ్చేటప్పుడు ఎందుకు ముఖం తిప్పుకుంటాడు? అదీ నా ప్రశ్న.

అసలు ఈ సాయమే వద్దు, పాత లివరులా తిన్నగా మొదటికి వస్తే పీడా పోతుంది అనేవాళ్ళున్నారు. టైపిస్టుని కనక నాకు ఆ పక్షమే రుచించాలి. కానీ రుచించదు. ఎందుకంటే నేను ముగ్గు కూడా వేస్తాను. "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు మధ్య చుక్క" అని పత్రికల్లో ముగ్గుల పేజీల్లో చూస్తాం కదా. రెండో వరస మొదటి చుక్క ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? పైవరసను చూసి! ప్రతి వరసకూ గడప దగ్గరికి పోయి కొలుచుకుంటూ రాం. అలాగే పదివరసలు లోపల రాయవలసినప్పుడు ప్రతిదానికీ నాలుగుసార్లు స్పేసుబారు కొట్టమనడం మనిషిని హింసించడమే. పైవరస మొదలైనచోటే కిందిదీ మొదలు కావడం సబబైన పనే. ఆ వరస చివర రెండు చుక్కలు పెట్టి "ఇప్పుడు లోపలి సంగతి చెబుతున్నాను" అన్నప్పుడు ఒక మెట్టు లోపలికి దిగడం ఇంకా సబబు. 1970ల్లోనే బిల్ జాయ్ రాసిన వీఐ అనే ఎడిటరుకు పైవరసను అనుసరించే సదుపాయం ఉంది. వెనక్కి ఒక మెట్టు రావాలంటే మాత్రం కంట్రోలూ, డీ కలిపి నొక్కమంటుంది. చూశారా, అప్పట్నుంచీ ఇదే వరస! వెళ్ళేదానికి ఉన్న కీతోనే వెళ్ళొచ్చు, వచ్చేదానికి ఇంకో కీ వెతుక్కోవాలి.

ఇక అతి తెలివి పక్షం ఒకటుంది. ఎంటర్ నొక్కగానే కింది వరస సంగతి చూడ్డమే కాదు, అయిపోయిన పైవరసను కూడా లాగి సర్దేస్తారు. మనం చీర కుచ్చిళ్ళు పెట్టుకుని బయల్దేరుతుంటే ఆడబిడ్డ వచ్చి మళ్ళీ విప్పి సర్దినట్టు. ఈమాక్స్ అని ఒక పాత ఎడిటరుంది. 2014లో వచ్చిన 24.4 వెర్షన్ నుంచి, మనం అడగకపోయినా దాని ఎంటర్ కీ వరసను లోపలికి జరపడం మొదలుపెట్టింది. అయితే పాపం దానిక్కూడా ఇంగితముంది. పైథాన్ రాసేటప్పుడు మాత్రం అయిపోయిన వరస జోలికి పోదు. ఎందుకంటే "వడ్డీ కలుపు" అన్నది లోపలిదో బయటిదో చెప్పడం యంత్రం తరం కాదు. రెండూ చెల్లే లెక్కలే. రాసిన మనిషి మనసులో తప్ప ఆ తేడా ఇంకెక్కడా లేదు.

మనసులో ఉన్నది యంత్రానికెలా తెలుస్తుంది, చేత్తో చెబితే కదా అంటారు. చెప్పింది కదండీ మా పిల్ల! ఎంటర్ రెండుసార్లు నొక్కింది. అంతకంటే ఏం చెప్పాలి? ఉత్తరం రాసినా, పద్దు రాసినా, ఒక వరస ఖాళీ వదిలామంటే "ఇది అయిపోయింది" అనే అర్థం. ముగ్గు ముగిశాక నడుం నిమురుకుని లేచి నిలబడడం లాంటిది అది. దాన్ని వినిపించుకోకుండా, ఖాళీ వరస మీదనుంచి కూడా చెయ్యిపట్టి లోపలికే లాక్కుపోవడం, ఇది సాయమా?

కాబట్టి నేను కోరేది ఒక్కటే. మాటలున్న వరస చివర ఎంటర్ నొక్కితే పైవరసనే అనుసరించండి, బాగుంది. ఏమీ రాయని వరసలో మళ్ళీ ఎంటర్ నొక్కితే మాత్రం ఒక మెట్టు బయటికి రానివ్వండి. ఇంకోసారి నొక్కితే ఇంకో మెట్టు. ఆ ఖాళీ వరసలో కనపడని స్పేసులు చెత్తలా వదలకండి. లోపలికి తీసుకెళ్ళిన కీయే బయటికీ తీసుకురావాలి.

ఇదేదో ముసలమ్మ మొండి కోరిక అనుకోకండి. ఉత్తరాలు టైపు చేసే వర్డ్‌లో ఒకటి, రెండు అని అంకెలతో జాబితా రాస్తూ, ఖాళీ అంకె దగ్గర మళ్ళీ ఎంటర్ నొక్కి చూడండి. జాబితా అయిపోయిందని గ్రహించి, అంకె తీసేసి బయటికి వస్తుంది. గుమాస్తాల యంత్రానికి అర్థమైంది ఇంజనీర్ల యంత్రానికి అర్థం కాదా? అంతెందుకు, పైథాన్ సంగతే తీసుకోండి. ఫైలులో కాకుండా నేరుగా దాని ముందు కూచుని ఒక్కో వరసా చెబుతూ పోతే, ఒక ఖాళీ వరస ఇవ్వగానే "సరే, లోపలిది అయిపోయింది" అని పని మొదలుపెట్టేస్తుంది. అదే భాష, అదే కీ! ముఖాముఖీ మాట్లాడితే వినేది, కాగితం మీద రాస్తే వినదట. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే చిన్న ఎడిటరుంది. "రిటర్న్" అనే మాట రాసి ఎంటర్ కొడితే తనంతట తనే ఒక మెట్టు వెనక్కి వస్తుంది. అంటే వెనక్కి రావడం చేతకాక కాదు. ఇక వీఎస్ కోడ్ అనేదాంట్లో ఈ ఒక్క విషయానికే "నన్" మొదలు "ఫుల్" దాకా అయిదు రకాల అమరికలున్నాయి. మా పిల్ల అయిదూ చూపించింది. అయిదింట్లో నేనడిగింది లేదు!

మా అల్లుడు ఊరుకుంటాడా? "అత్తా, మేము లోపలి భాగంలో కూడా మధ్యమధ్య ఖాళీ వరసలు వదుల్తాం, చదవడానికి తేలిగ్గా ఉంటుందని. మీ పద్ధతి పెడితే ప్రతిసారీ మమ్మల్ని బయటికి గెంటేస్తుంది" అన్నాడు.

ఇది గట్టి మాటే. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, దాచుకోవడమెందుకు. కానీ పైథాన్ రాసేవాళ్ళు 2001 నుంచీ పెద్దబాలశిక్షలా చూసుకునే నియమావళి ఒకటుంది, పెప్ ఎనిమిది అంటారు. మెట్టుకు నాలుగు స్పేసులని చెప్పింది అదే. లోపలి భాగాల్లో ఖాళీ వరసలు పొదుపుగా వాడమనీ అదే చెప్పింది. పొదుపుగా వాడేదాని కోసం, పొదుపుగానే ఒకసారి ట్యాబ్ కీ నొక్కుకోరాదా నాయనా? రోజుకు ఎనిమిది గంటలు ఇదే పని చేసే నీకు ఒక ట్యాబ్ బరువా, కొత్తగా నేర్చుకునే పిల్లకు ఒక బ్యాక్‌స్పేస్ బరువా? పైగా నీకు అలవాటైంది, చెయ్యి దానంతటదే పోతుంది. ఆ పిల్లకు తను లోపల ఉన్నానన్న సంగతే తెలియదు. నా పద్ధతిలోనూ తప్పు జరగొచ్చు. అయితే ఆ తప్పు మనం ఒక కీ నొక్కినందుకు జరుగుతుంది. ఇప్పుడు జరిగేది మనం ఊరికే ఉన్నందుకు జరుగుతోంది.

మా ఊరి నదికి బాహుదా అని పేరెందుకొచ్చిందో తెలుసు కదా. ఆకలికి ఆగలేక పరాయి తోటలో మామిడిపండు కోసినందుకు లిఖితుడికి రాజు చేతులు నరికిస్తే, ఈ ఏట్లో మునిగేసరికి చేతులు తిరిగి వచ్చాయట. రాయడమని అర్థం వచ్చే పేరున్నవాడికి చేతులిచ్చిన ఏరు పక్కన పుట్టినదాన్ని. రాసే చేతిని కాదని ఒక కీ నిర్ణయం చేస్తే నాకు కోపం రాదూ?

అల్లుడు చివరికి, "ఇదంతా సెట్టింగుల్లో మార్చుకోవచ్చత్తా, మీరనే పద్ధతి కావాలంటే చిన్న కోడు రాసి తగిలించుకోవచ్చు" అని రాజీకొచ్చాడు. మార్చుకోగలిగిన వాడికి మార్చుకోవలసిన అవసరం లేదు. అవసరమున్న వాళ్ళకు ఆ సెట్టింగు ఉందని తెలియదు. సెలవులకొచ్చి అవ్వకు లెక్క రాసిపెట్టే పిల్ల ముందు ఏది తెరుచుకుంటే అదే ఆమెకు శాసనం. అందుకే మొదట వచ్చే పద్ధతి గురించే నా కొట్లాటంతా.

మర్నాడు పొద్దున్నే సంఘాన్ని మళ్ళీ పిలిచాను. కంప్యూటరు అందరి మధ్యా పెట్టి, ఆ ఒక్క వరసను మా పిల్ల చేత నాలుగు స్పేసులు వెనక్కి జరిపించాను. 25,950 కాస్తా 21,810 అయి కూచుంది. దోసె, స్టౌ కథ చెప్పాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. ప్రమాణం మాటెత్తినామె మాత్రం, చూపు నేలకు వేసి, "అంత చిన్న సందులో ఇంత దుడ్డు పట్టింది, ఏం కాలమమ్మా!" అంది. మా పిల్ల ఏడ్చింది. లీడరమ్మ దాని తల నిమిరి, "నువ్వేం జేస్తావు బిడ్డా" అని, నావైపు తిరిగి, "ప్రమాణానికి ఆ బటన్ను రమ్మను అక్కా, తడిగుడ్డ నేనే కడతా" అంది. అందరం నవ్వాం. కానీ ఆమె ఆ ఏడు లీడరుగా ఉండనంది. ఎంత బతిమాలినా వినలేదు. పాస్‌బుక్కు నా చేతిలో పెట్టేసింది.

ఇప్పుడు లెక్కా నాదే, బ్యాంకూ నాదే. నెలనెలా మొత్తం చదవబోతాను. ఆమె వాకిలి దగ్గర నిలబడి అడుగుతుంది. "అక్కా, ఆ వడ్డీ వరస లోపలుండాదా, బయటుండాదా? ముందర అది చూసి చెప్పు."